తాజీన్ కుండ, తాజీన్ కూర: పాఠకుల సందేహాలు, మా జవాబులు

శంకువు మూత ఉండే మొరాకో మట్టిపాత్ర గురించి, అందులో వండే కూర గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట ప్రశ్నలు కలిపేశాం.

ప్రశ్న: తాజీన్ అంటే పాత్ర పేరా, కూర పేరా? ట్యునీషియా వెళ్లినప్పుడు హోటల్లో తాజీన్ అడిగితే గుడ్లు, చీజ్ వేసి కాల్చి చతురస్రాలుగా కోసిన ముక్కలు తెచ్చిపెట్టారు. పొరపాటున ఇచ్చారా?

పొరపాటేమీ లేదు. ట్యునీషియాలో తాజీన్ అంటే అదే. ఉడికించిన మాంసం, తెల్ల చిక్కుడు గింజలో బంగాళాదుంపో, పార్స్లీ ఆకు, చీజ్, అన్నిటినీ గిలక్కొట్టిన గుడ్లలో కలిపి ఓవెన్‌లో కాలుస్తారు. రసం ఉండదు. అల్జీరియాకు వస్తే మళ్లీ రసం ఉన్న కూరే. కోడిమాంసం, ఆలివ్ కాయలతో చేసే తాజీన్ జైతూన్, రంజాన్ నెలలో ఎండు ప్లమ్ పండ్లతో తియ్యగా వండే ల్హమ్ లహ్లూ అక్కడ పేరున్న వంటలు. కాకపోతే వాటిని ఎక్కువగా మామూలు గిన్నెల్లోనే వండుతారు. రొట్టెలు కాల్చే మట్టి పెనాన్ని కూడా అల్జీరియాలో తాజీన్ అనే పిలుస్తారు. శంకువు మూత పాత్రకూ, అందులోనే వండి అందులోనే వడ్డించే కూరకూ ఒకే పేరు పెట్టింది మొరాకో వాళ్లు. ఈ పేజీలో చెప్పేదంతా ఆ మొరాకో తాజీన్ గురించే.

ప్రశ్న: మూత అంత పొడుగ్గా ఎందుకు? అందం కోసమేనా? మామూలు మూత పెట్టి వండితే తేడా వస్తుందా?

అందం ఒక్కటే కాదు, మూతకు పని ఉంది. వేడి తగిలేది అడుగు పళ్లేనికి. మూత పైభాగం సెగకు దూరంగా ఉంటుంది కాబట్టి అడుగుకన్నా చల్లగా ఉంటుంది. కూరలోంచి లేచిన ఆవిరి ఆ గోడకు తగిలి నీటి బొట్లవుతుంది, గోడ వెంబడే జారి అంచు దగ్గర మళ్లీ పళ్లెంలో పడుతుంది. అడుగు పళ్లేనికి అంచు కాస్త లేచి, మూత ఆ అంచు లోపల కూర్చుంటుంది; జారిన నీరు బయటికి పోకుండా కూరలోకి చేరేది అందుకే. ఈ ఏర్పాటు వల్ల అరకప్పు నీళ్లతో కిలో మాంసం ఉడుకుతుంది. ముక్క కింది సగం రసంలో, పై సగం ఆవిరిలో మగ్గుతుంది.

మూత బిగుతుగా మూసుకోదు. కొంత ఆవిరి పక్కల నుంచి పోతూనే ఉంటుంది, పోవాలి కూడా. కొన్ని మూతలకు పైన చిన్న రంధ్రం ఉంటుంది. లేని వాటికి, రసం ఇగరాల్సిన సమయంలో మూతకూ అంచుకూ మధ్య చెక్క గరిటె కాడ దూర్చి సందు వదులుతారు. బరువైన చదును మూత ఉన్న మందపాటి గిన్నెలో కూడా మంచి కూరే వస్తుంది. నీళ్లు కొంచెం తగ్గించి, చివర్లో మూత తీసి ఇగర్చాలి, అంతే. మట్టిపాత్ర ఇచ్చేది మాత్రం నిదానం. సెగ పెంచినా అది వెంటనే వేడెక్కదు, తగ్గించినా వెంటనే చల్లారదు. ఆ నిదానంలో ఉల్లి కరిగి గుజ్జవుతుంది.

ప్రశ్న: నీలం, పసుపు ముగ్గులు వేసి, అంచుకు లోహపు తీగె అల్లిన తాజీన్ ఒకటి కొన్నాను. దాంట్లో వండొచ్చా? సీసం ఉంటుందని ఎవరో భయపెట్టారు.

వండొద్దు. భయపెట్టిన వాళ్లు చెప్పింది నిజమే. చిత్రాలు, లోహపు అల్లికలు ఉన్నవి వడ్డన కోసం, అలంకరణ కోసం చేసినవి. వాటి మట్టి పలచన. పొయ్యి మీద పెడితే పగులుతాయి. అంతకన్నా పెద్ద సమస్య వాటి గ్లేజ్. తక్కువ వేడిలో కాల్చే పాతకాలపు మెరుపు పూతల్లో సీసం వాడకం ఉంది. నిమ్మ, టమాటా, ఆలివ్ వంటి పుల్లని పదార్థాలు వేడిగా గంటల తరబడి అందులో ఉంటే సీసం కూరలోకి దిగుతుంది. తాజీన్ వంటలో ఈ మూడూ ఉంటాయి కదా. చిన్నపిల్లలకూ గర్భిణులకూ ఇది మరీ ప్రమాదం. ఇంట్లో రుద్ది చూసే పరీక్ష పుల్ల రంగు మారితే ఆ పాత్రను పక్కన పెట్టేయండి. రంగు మారలేదని మాత్రం నిశ్చింతగా ఉండడానికి లేదు, ఆ పరీక్ష అంత నికరమైనది కాదు. మీ దానిలో ఎండు ఖర్జూరాలో బాదం పప్పులో పోసి బల్ల మీద పెట్టుకోండి.

వంటకు కొనేటప్పుడు చూడాల్సినవి వేరు. అడుగు మందంగా, బరువుగా ఉండాలి. బోర్లించి చదునైన చోట పెడితే ఊగకూడదు. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టే. మూత తిప్పి చూడండి, అన్ని వైపులా ఒకే తీరుగా కూర్చోవాలి. గ్లేజ్ లేని ఎర్రమట్టి పాత్ర అయితే పూతలోని సీసం బెడదే ఉండదు, రుచీ బాగుంటుంది. గ్లేజ్ ఉన్నదే కావాలంటే ఆహారానికి సురక్షితమని, సీసం లేదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పినది తీసుకోండి. మొరాకోలో కుమ్మరి పనికి పేరుమోసిన ఊళ్లు సఫీ, సలే, ఫెజ్. ఎడారి వైపున్న తమెగ్రూత్ ఆకుపచ్చ గ్లేజ్‌కు ప్రసిద్ధి. ఉత్తరాన రిఫ్ కొండల్లో ఆడవాళ్లు చక్రం లేకుండా చేతులతోనే పాత్రలు మలుస్తారు. ఊరి పేరు చూసి మాత్రం కొనొద్దు. వంటకు చేసినదా, షెల్ఫులో పెట్టడానికి చేసినదా అన్నదే ముఖ్యం.

కొలత విషయానికొస్తే, అడుగు పళ్లెం 30 సెంటీమీటర్లు ఉంటే నలుగురైదుగురికి చాలు. అంతకన్నా పెద్దదైతే ఇంటి స్టవ్ మంట అంచుల దాకా అందదు.

ప్రశ్న: కొత్త తాజీన్‌ను ఎలా పదును చేయాలి?

అడుగు, మూత రెండూ మునిగేలా చల్లని నీళ్లలో రాత్రంతా నానబెట్టండి, 24 గంటలైతే ఇంకా మేలు. బుడగలు రావడం ఆగిందంటే మట్టి నీళ్లు తాగింది. తీసి నీరోడ్చి, పైతడి పోయేదాకా గంటో రెండు గంటలో ఆరనిచ్చి, లోపలా బయటా ఆలివ్ నూనె రాయండి. చల్లగా ఉన్న ఓవెన్‌లో పెట్టి, అప్పుడు 150 డిగ్రీల సెల్సియస్‌కు తిప్పి రెండు గంటలు ఉంచండి. స్విచ్ ఆపాక తలుపు తీయొద్దు. ఓవెన్‌తోపాటే పూర్తిగా చల్లారాలి. తర్వాత ఇంకోసారి పలచగా నూనె రాసి, ఒక రోజు ఆగి వాడండి. ఓవెన్ ముందే వేడి చేసి నానిన పాత్రను అందులో పెట్టడమే ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు. మట్టిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి దారి చూసుకుంటుంది, పాత్ర బీటలిస్తుంది.

లోపల గ్లేజ్ ఉన్నా అడుగు బయటివైపు పూత లేకపోతే నానబెట్టాల్సిందే. చాలా నెలలు వాడకుండా ఉంచిన పాత్రను కూడా మళ్లీ వాడే ముందు గంటసేపు నానబెట్టండి.

ప్రశ్న: పదును చేశాను, చెప్పినట్టే వండాను. మూడోసారికి గ్యాస్ స్టవ్ మీద అడుగు అడ్డంగా రెండుగా చీలింది. ఎక్కడ తప్పు జరిగింది?

మీ ఉత్తరంలోనే కారణం ఉంది: "రసం తగ్గిందని గ్లాసుడు నీళ్లు పోశాను" అని రాశారు. కుళాయి నీళ్లే పోసి ఉంటారు. వేడెక్కిన మట్టి మీద చన్నీళ్లు పడితే పడిన చోట ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, పక్క భాగం వ్యాకోచించే ఉంటుంది, మధ్యలో చీలుతుంది. తాజీన్‌లో మధ్యలో పోసే ఏ నీళ్లయినా బాగా వేడిగా ఉండాలి, అదీ కొద్దికొద్దిగా, అంచు వెంట కాకుండా కూర మీద పోయాలి.

ఇది కాక ఇంకో కారణం కూడా తోడై ఉండొచ్చు. మట్టి వేడిని తొందరగా పంచదు. గ్యాస్ మంట నేరుగా తగిలిన గుండ్రటి భాగం ఎర్రగా కాగుతుంటే అంచు ఇంకా చల్లగానే ఉంటుంది. అందుకే మంటకూ పాత్రకూ మధ్య డిఫ్యూజర్ రేకు తప్పనిసరి. స్టీలుదో, దళసరి ఇనుముదో, పిడి ఉన్న గుండ్రటి పలక అది. పాత్ర అడుగును మోసేంత వెడల్పుది తీసుకోండి. మొరాకోలో సంప్రదాయంగా మజ్మర్ అనే మట్టి కుంపటి మీద తాజీన్ పెడతారు. అందులో మంట ఉండదు, బూడిద కప్పిన నిప్పులే ఉంటాయి, ఆ సెగ అన్ని వైపులా సమంగా తగులుతుంది. స్టవ్ మీద మనం రేకుతో తెచ్చుకోవలసింది ఆ సెగనే.

మొదటి పదిహేను నిమిషాలు అతి సన్నని మంట. ఆ తర్వాత కొంచెం పెంచొచ్చు, మధ్యస్థం దాటొద్దు. చల్లని పాత్రలో కూర మరుగు పట్టడానికి 25 నిమిషాలు పడుతుంది, కంగారు పడి మంట పెంచకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసాన్ని అరగంట బయట ఉంచి, చలి విడిచాక వేయండి. ఖాళీ పాత్రను ఎప్పుడూ పొయ్యి మీద పెట్టొద్దు. దించేటప్పుడు గ్రానైటు గట్టు మీదా తడి బండ మీదా కాక మడత పెట్టిన పొడిగుడ్డ మీదో చెక్క మీదో దించండి.

గాజు పలక విద్యుత్ స్టవ్ మీదా రేకు కావాల్సిందే. ఇండక్షన్ మీద మట్టి అసలు వేడెక్కదు. దానికి ఇనుప అడుగు, మట్టి మూత ఉన్న రకాలు దొరుకుతాయి. ఓవెన్‌లో అయితే చల్లని ఓవెన్‌లో పెట్టి 160 డిగ్రీలకు తెచ్చుకోవాలి, రేకు అక్కర్లేదు.

చీలిన పాత్రను జిగురుతో అతికించి వంటకు వాడొద్దు.

ప్రశ్న: ఊరవేసిన నిమ్మ, ఆలివ్‌లతో కోడి తాజీన్ కొలతలతో సహా చెప్పండి. 30 సెంటీమీటర్ల పాత్ర ఉంది.

దీనికి కోడి కిలోంపావు, పెద్ద ముక్కలుగా. ఉల్లిపాయలు 350 గ్రాములు, వీలైనంత సన్నగా తరగాలి. ఇది కరిగితేనే రసం చిక్కపడుతుంది. వెల్లుల్లి మూడు రెబ్బలు నూరి, శొంఠి పొడి ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, పసుపు అర చెంచా, కుంకుమపువ్వు చిటికెడు, ఉప్పు అర చెంచా మాత్రమే. నిమ్మతొక్క, ఆలివ్‌లు రెండూ ఉప్పులో ఊరినవే కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి సరిచేసుకోవాలి. ఆలివ్ నూనె నాలుగు పెద్ద చెంచాలు. కొత్తిమీర, పార్స్లీ కాడలతో సహా చిన్న కట్టగా దారంతో కట్టండి. ఊరిన నిమ్మపండు ఒకటి, ఆలివ్‌లు 100 గ్రాములు.

మసాలాలన్నీ నూనెలో కలిపి ముక్కలకు పట్టించి, వీలుంటే రెండు గంటలు ఉంచండి. చల్లని పళ్లెంలో ఉల్లి పరిచి, దాని మీద ముక్కలు ఒకే వరసలో, చర్మం పైకి ఉండేలా పేర్చండి. కట్ట మధ్యలో పెట్టి, 120 మిల్లీలీటర్ల నీళ్లు పక్కనుంచి పోసి, మూత పెట్టి రేకు మీద సన్నని మంటకు ఎక్కించండి. అరగంట దాకా మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ మూత లోపల కూడిన ఆవిరంతా పోతుంది, మళ్లీ కూడడానికి పది నిమిషాలు పడుతుంది. చిన్నగా కుతకుతమనే శబ్దం వినిపిస్తే అదే సరైన మంట. పొంగి అంచుల దగ్గర కారుతుంటే మంట ఎక్కువైందని.

కూర మరుగు పట్టిన అరగంటకు ముక్కలు ఒకసారి తిప్పండి. ఇంకో 40 నిమిషాలకు కోడి ఎముకను వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు నిమ్మను కడిగి, గుజ్జు తీసేసి, తొక్క ఒక్కదాన్నీ నాలుగు చీలికలు చేసి ఆలివ్‌లతోపాటు వేయండి. చేదు ఎక్కువ ఉన్న ఆలివ్‌లైతే ముందే మరుగు నీళ్లలో ఐదు నిమిషాలు వేసి వంపేయాలి. కొత్తిమీర కట్ట తీసేసి, మూతను గరిటె కాడతో కొంచెం ఎత్తిపెట్టి మరో 15–20 నిమిషాలు ఇగరనివ్వండి. నీరంతా పోయి, కరిగిన ఉల్లి గుజ్జు నూనెలో మెరుస్తూ అడుగున మిగలాలి. దీన్ని మొరాకో వాళ్లు దగ్మిరా అంటారు, కూర మంచిచెడ్డలు దాన్ని చూసే చెబుతారు. కోడి కార్జం ఉంటే కూరతోపాటు ఉడికించి, మెదిపి ఆ గుజ్జులో కలపండి, చిక్కదనమూ రుచీ రెండూ పెరుగుతాయి.

ముక్కల్ని ముందు వేయించాలా అని కొందరు అడిగారు. అక్కర్లేదు. నీరు ఇగిరాక మిగిలిన నూనెలో చివరి పావుగంట వేగడమే ఇక్కడ వేపుడు.

ప్రశ్న: రాస్ ఎల్ హనూత్ మసాలా పెద్ద డబ్బా కొన్నాను. అన్ని తాజీన్లలోనూ వేస్తున్నాను, అన్నీ ఒకే రుచిగా ఉంటున్నాయి. ఎందుకని?

అన్నిట్లోనూ వేస్తున్నారు కాబట్టే. అది చాలా దినుసులు కలిపిన ఘాటైన మిశ్రమం. మొరాకో ఇళ్లలో రోజువారీ తాజీన్లలో అంతగా వాడరు. బక్రీద్ తర్వాత గొర్రెమాంసం, ఎండుద్రాక్ష, బాదం, తేనెతో చేసే మ్రూజియా లాంటి వాటికి అది ప్రాణం. మిగతావి రసం రకాన్ని బట్టి నడుస్తాయి. మ్‌కల్లి రకంలో శొంఠి, కుంకుమపువ్వు, నూనె, రంగు పసుపు. మ్‌హమ్మర్‌లో తియ్య మిరపపొడి, జీలకర్ర, వెన్న, రంగు ఎరుపు. ఖద్రాలో ఉల్లి ఎక్కువ, వెన్నో నిల్వ వెన్న స్మెనో వేస్తారు, తరచు శనగలు కానీ బాదం కానీ తోడవుతాయి. మ్‌షర్మల్ అంటే షర్మూలా అనే పచ్చి మసాలా పట్టించి వండేది. ముందు ఏ రకం వండుతున్నారో తేల్చుకుంటే డబ్బా దానంతటదే అలమరలోకి వెళ్తుంది.

ప్రశ్న: గొర్రెమాంసం మూడు గంటలు ఉడికినా గట్టిగానే ఉంది, పైగా రసం నీళ్లలా ఉంది. బంగాళాదుంపలు కూడా ఉడకలేదు.

మూడు ఫిర్యాదులకూ వేర్వేరు కారణాలు. మాంసం గట్టిగా ఉందంటే కొవ్వు లేని తొడ ముక్కలు తీసుకుని ఉంటారు. తాజీన్‌కు భుజం, మెడ, కాలి పిక్క ముక్కలే సరైనవి, ఎముకతో సహా. వాటిలోని కండర పొరలు సన్న సెగ మీద మెల్లగా కరిగి జిగురవుతాయి. భగభగ మరిగిస్తే పొరలు కరిగేలోపే కండ బిగుసుకుంటుంది. 5–6 సెంటీమీటర్ల ముక్కలు సన్న సెగ మీద మెత్తబడటానికి రెండున్నర నుంచి మూడున్నర గంటలు పడుతుంది. చిన్న ముక్కలు కొయ్యకండి, ఎండిపోతాయి.

రసం నీళ్లగా ఉందంటే ముందే ఎక్కువ పోశారన్నమాట. కిలో మాంసానికి 150–200 మిల్లీలీటర్లు మించొద్దు. ఉల్లి, కూరగాయలు కూడా నీరొదులుతాయని మరిచిపోవద్దు. ఇప్పుడు పిండి కలిపి చిక్కబరచకండి. ముక్కలు తీసి పక్కన పెట్టి, మూత లేకుండా రసాన్ని ఇగర్చి, మళ్లీ ముక్కలు వేయండి.

ఇక బంగాళాదుంప. పులుపులో అది మెత్తబడదు. టమాటా గుజ్జు, నిమ్మ మొదటే వేస్తే గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది. దుంపలు మెత్తబడ్డాకే పులుపు వేయాలి. మాంసం మధ్యలో పెట్టి, చుట్టూ క్యారెట్, దుంప, గుమ్మడి జాతి కాయలు కొండలా నిలబెట్టి, కొన మీద టమాటా చక్రాలు పెట్టే పల్లెటూరి తాజీన్ చూసే ఉంటారు. టమాటా అక్కడ అన్నిటికన్నా పైన, రసానికి దూరంగా ఉంటుంది, గమనించండి.

ప్రశ్న: ఊరవేసిన నిమ్మ దొరకడం లేదు. మామూలు నిమ్మతొక్క వేస్తే సరిపోతుందా?

సరిపోదు. పచ్చి తొక్క చేదు దిగుతుంది, ఊరిన తొక్కకుండే మెత్తదనం, వాసన రెండూ రావు. ఊరబెట్టుకోవడం తేలికే, కావలసిందల్లా నెల రోజుల ఓపిక. పలచటి తొక్క ఉన్న పసుపుపచ్చని నిమ్మపండ్లు కిలో తీసుకుని బాగా కడిగి తుడవండి. మైనం పూసినవి వద్దు. ఒక్కోదాన్నీ నిలువుగా నాలుగు పక్షాలుగా చీల్చండి, కానీ అడుగున విడిపోకూడదు. లోపల పెద్ద చెంచాడు కల్లుప్పు కూరండి. మొత్తం మీద 150–200 గ్రాముల ఉప్పు పడుతుంది. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో గట్టిగా అదిమి పెట్టండి, రసం ఊరేలా. మూడు రోజుల పాటు రోజూ అదుముతూ ఉండాలి. అప్పటికీ పండ్లు మునగకపోతే విడిగా పిండిన నిమ్మరసం పోయండి, నీళ్లు మాత్రం పోయొద్దు.

చల్లని చీకటి చోట నాలుగు నుంచి ఆరు వారాలు. తొక్క కాస్త పారదర్శకంగా, మెత్తగా మారితే సిద్ధమైనట్టు. తీసేటప్పుడు పొడి చెంచా వాడండి. మునగకుండా పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది. నల్లగానో పచ్చగానో బొచ్చు కనిపిస్తే సీసా మొత్తం పారేయండి.

ప్రశ్న: గొర్రెమాంసం, ఎండు ప్లమ్ తాజీన్‌లో పండ్లు కరిగి ముద్దయిపోతున్నాయి.

కూరతోపాటు మొదటి నుంచీ ఉడికిస్తున్నారు కాబట్టి. వాటిని విడిగా చేయాలి. కిలో మాంసం, తురిమిన ఉల్లి, శొంఠి, మిరియాలు, కుంకుమపువ్వు, ఒక దాల్చినచెక్కతో కూర పూర్తయ్యే దశకు వచ్చాక, ఒక గరిటెడు రసం చిన్న గిన్నెలోకి తీయండి. అందులో గింజ తీయని ఎండు ప్లమ్ పండ్లు 250 గ్రాములు, తేనె రెండు పెద్ద చెంచాలు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా వేసి సన్న మంట మీద 10–15 నిమిషాలు ఉంచితే పండ్లు ఉబ్బి, రసం తేనెలా చుట్టుకుంటుంది. వడ్డించే ముందు మాంసం మీద పేర్చి, నూనెలో వేయించిన పొట్టు తీసిన బాదం, వేపిన నువ్వులు చల్లండి. తేనె ముందే కూరలో పోస్తే అడుగంటి మాడుతుంది, మట్టిపాత్రకు పట్టిన మాడు వదిలించడం మహా కష్టం.

ప్రశ్న: చేప తాజీన్ అడుగంటుతోంది. వాసన కూడా పాత్రకు పట్టేసింది.

అడుగున క్యారెట్‌ను పొడుగు బద్దలుగా కోసి అడ్డదిడ్డంగా జాలీలా పరవండి. కొన్ని చోట్ల వెదురు బద్దలు పరుస్తారు. దాని మీద అర సెంటీమీటరు మందం బంగాళాదుంప చక్రాలు, కొంచెం షర్మూలా, కొంచెం నీరు వేసి ముందు 35–40 నిమిషాలు ఉడికించండి. చేప ఆ తర్వాతే. గట్టి కండ ఉన్న 3 సెంటీమీటర్ల ముక్కలకు 15–20 నిమిషాలు చాలు. అన్నీ ఒకేసారి వేస్తే దుంప ఉడికేసరికి చేప చిదురైపోతుంది.

షర్మూలాకు, ముప్పావుకిలో చేపకైతే, గుప్పెడు కొత్తిమీర, గుప్పెడు పార్స్లీ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తియ్య మిరపపొడి రెండు చెంచాలు, జీలకర్ర పొడి ఒకటి, ఉప్పు ఒకటి, నిమ్మరసం మూడు పెద్ద చెంచాలు, ఆలివ్ నూనె నాలుగు. దుంపల కింద పోసే దానిలో నిమ్మరసం కలపకండి, ఎందుకో పైన చెప్పాం. గ్లేజ్ లేని మట్టి వాసనల్ని పీల్చుకుంటుంది. చేపకు వేరే పాత్ర పెట్టుకోవడమే మార్గం.

ప్రశ్న: తాజీన్‌ను కుస్కుస్ మీద పోసుకుని తినాలా?

మొరాకోలో అలా తినరు. తాజీన్‌కు తోడు ఖొబ్జ్ అనే గుండ్రటి రొట్టె. పాత్రను మధ్యలో పెట్టి, కుడిచేతి మూడు వేళ్లతో రొట్టె ముక్క పట్టుకుని ఎవరి ముందున్న భాగం వాళ్లు తింటారు. రసం రొట్టెకు అంటుకునేంత చిక్కగా ఎందుకు ఉండాలో ఇప్పుడు తెలుస్తుంది. గోధుమరవ్వను ఆవిరికి ఉడికించి చేసే కుస్కుస్ వేరే భోజనం, ముఖ్యంగా శుక్రవారానిది, దాని మీద పోసే పలచటి కూర కూడా వేరు. అల్జీరియా, మారిటానియా, మొరాకో, ట్యునీషియా కలిసి కోరితే యునెస్కో 2020లో కుస్కుస్ సంప్రదాయాన్ని తన జాబితాలో చేర్చింది.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్‌లో చేస్తే అది తాజీన్ అవుతుందా?

అవుతుంది. మొరాకో నగరాల్లో పనులకు వెళ్లే వాళ్లు చాలామంది అలాగే చేస్తారు. గొర్రెమాంసం 40–50 నిమిషాల్లో మెత్తబడుతుంది. కానీ కుక్కర్‌లో నీరు ఇగరదు, అందుకే మూత తీశాక పెద్ద మంట మీద రసాన్ని నూనె తేలేదాకా మరిగించాలి. ఈ అంచె వదిలేస్తే అది ఉడికించిన మాంసమే తప్ప తాజీన్ కాదు. నిమ్మతొక్క, ఆలివ్‌లు ఇగర్చేటప్పుడే వేయండి.

ప్రశ్న: కడిగి దాచిన పాత్ర తెరిస్తే లోపల తెల్లటి బూజు. సబ్బుతో తోమొచ్చా?

గ్లేజ్ లేని దానికి సబ్బు వద్దు, మట్టి దాన్ని తాగి తర్వాతి కూరలోకి వదులుతుంది. గోరువెచ్చని నీళ్లు, వంట సోడా, మెత్తని పీచు చాలు. బూజు ఉన్న చోట నీళ్లు, వెనిగర్ సమపాళ్లలో కలిపి రుద్ది, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, మళ్లీ నూనె రాసి ఓవెన్‌లో పదును చేయండి. బూజు రావడానికి కారణం తడి ఆరకముందే మూత పెట్టి దాచడం. పైకి పొడిగా కనిపించినా మట్టి లోపల తడి మర్నాటి దాకా ఉంటుంది. మూతను పక్కన విడిగా పెట్టి దాచండి. అడుగు మాడితే గోరువెచ్చని నీళ్లు పోసి రాత్రంతా వదిలి, పొద్దున చెక్క గరిటెతో గీకండి. ఇనుప పీచు వాడొద్దు.

ప్రశ్న: మరాకేష్‌లో పొడుగు జాడీలో మాంసం పెట్టి నిప్పుల్లో పాతిపెట్టడం చూశాను. అది కూడా తాజీన్ రకమేనా?

కాదు, అది తంజియా. పాత్ర పేరూ వంట పేరూ అదే. రెండు చెవులు, సన్నని మెడ ఉన్న మట్టి జాడీ అది. కిలోన్నర పిక్క మాంసం, వెల్లుల్లి, ఊరిన నిమ్మ, జీలకర్ర, కుంకుమపువ్వు, స్మెన్, కొద్దిగా నీళ్లు వేసి, మూతికి కాగితం కప్పి దారంతో కట్టి, హమ్మామ్ స్నానశాలల నీళ్లు కాచే కొలిమి గదికి పంపుతారు. అక్కడి మనిషి దాన్ని వేడి బూడిదలో పాతి ఐదారు గంటలు ఉంచుతాడు. సంప్రదాయంగా ఇది మగవాళ్ల వంట. పొద్దున కసాయి దుకాణంలోనే జాడీ నింపించుకుని కొలిమికి అప్పగించి పనికి వెళ్లిపోయేవారు.

ఇంట్లో చేయాలంటే మూత బిగుతుగా ఉన్న లోతైన పాత్రలో ఇవే దినుసులు వేసి, పైన వెన్నకాగితం కప్పి, చల్లని ఓవెన్‌లో పెట్టి 150 డిగ్రీల మీద నాలుగైదు గంటలు ఉంచండి. మధ్యలో తెరవడం, కలపడం ఉండవు. ఉల్లి వేయరు, కూరగాయలూ వేయరు. తీసిన వెంటనే పెద్ద పళ్లెంలోకి ఒంపి, రొట్టెతో తినాలి.